మహమ్మారి పోయాక బడి తలుపు ఎవరికి తెరుచుకుంది? (మన చదువుల చరిత్ర – 9)



పోయిన భాగంలో బడిలో గుక్కెడు నీళ్ల కోసం మన పెద్దలు పడ్డ అవమానాల గురించి రాశాను. ఈ వారం హాస్టళ్ల చరిత్ర మొదలుపెడదామనుకున్నాను. కానీ మొన్న ఊరికి వెళ్లినప్పుడు జరిగిన ఒక సంగతి నన్ను వేరే దారి పట్టించింది.

ఒంగోలు నుంచి బస్సు దిగి మా పల్లె వైపు నడుస్తుంటే, ఒక కుర్రాడు ట్రాలీ ఆటో ఆపి పలకరించాడు. తల నిండా గ్రానైట్ దుమ్ము. కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి. గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. మా ఎదురింటి పిల్లాడు. అలవాటుగా నోరు జారి, "ఏం చదువుతున్నావురా?" అని అడిగేశాను. వాడు నవ్వాడు. "చదువు కరోనాతోనే పోయింది గదక్కా" అన్నాడు.

2020 మార్చిలో బడులు మూతపడేనాటికి వాడు ఎనిమిదో తరగతి. లెక్కల్లో మంచి చురుకు. ఆ వేసవిలో నేను పట్నంలో అద్దె గదిలో కూర్చుని, మన పిల్లల కోసమని లెక్కల పాఠాలు వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టాను. గ్రూపుల్లో లింకులు పంపాను. చాలామంది మెచ్చుకున్నారు. నాకూ గర్వంగానే ఉండేది. ఏడాది తర్వాత ఊరికి వెళ్తే తెలిసింది, మా ఎదురింట్లో ఉన్నది బటన్ ఫోన్ ఒక్కటే. అది కూడా వాళ్ల నాన్న క్వారీ పనికి వెళ్తూ జేబులో పెట్టుకుపోయేవాడు. నేను ఎవరికోసం పాఠాలు చెప్పానో ఆ పిల్లాడు ఒక్కటి కూడా చూడలేదు. అప్పటికే వాడు రాళ్ల పాలిషింగ్ పనిలో చేరిపోయాడు.

వాడి మాట నన్ను వదల్లేదు. చదువు నిజంగా కరోనాతోనే పోయిందా? వైరస్ అందరి బడులూ మూయించింది. బడులు మళ్లీ తెరిచాక కొందరు పిల్లలు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. ఆ తేడా వైరస్ చేసింది కాదు కదా. ఈ ప్రశ్న పట్టుకుని చరిత్రలోకి వెళ్దాం. ఎందుకంటే బడిని తలకిందులు చేసిన మొదటి మహమ్మారి కరోనా కాదు.

కూలోడి కొడుకు బడికి పోకూడదన్న పిటిషన్

1348లో ఇంగ్లండ్‌లోకి ప్లేగు వచ్చింది. దాన్నే బ్లాక్ డెత్ అంటారు. రెండేళ్లలో ఆ దేశ జనాభాలో మూడో వంతుకు తక్కువ కాకుండా చచ్చిపోయారు. దాదాపు సగం మంది పోయారని చెప్పే చరిత్రకారులూ ఉన్నారు. పాదిరీలు చచ్చారు, పంతుళ్లు చచ్చారు, భూస్వాముల పొలాల్లో వెట్టి చేసే జనం చచ్చారు.

పోయిన పాదిరీల స్థానంలో కొత్తవాళ్లను తయారు చేయాలి కాబట్టి కేంబ్రిడ్జిలో కొత్త కాలేజీలు వెలిశాయి. 1350లో ట్రినిటీ హాల్, 1352లో కార్పస్ క్రిస్టి. ఇది పైనున్నవాళ్ల కథ. మనకు కావలసింది కింద జరిగిన కథ.

అప్పటిదాకా ఇంగ్లండ్ బడుల్లో పిల్లలు లాటిన్ నేర్చుకోవాలంటే ఫ్రెంచిలో నేర్చుకోవాలి. ఫ్రెంచి రాజుల భాష, దొరల భాష. ఇంగ్లీషు పొలంలో మాట్లాడే భాష. ప్లేగు తర్వాత జాన్ కార్న్‌వాల్ అనే పంతులు ఆ పద్ధతి మార్చి, పిల్లలకు ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు. 1385 నాటికి దేశంలోని గ్రామర్ స్కూళ్లన్నీ ఫ్రెంచి వదిలేసి ఇంగ్లీషులోకి వచ్చేశాయని జాన్ ట్రెవీసా అనే రచయిత నమోదు చేశాడు. ఈ మార్పు ఆ పెద్ద చావుల తర్వాతే వచ్చిందని కూడా ఆయనే రాశాడు. ఇవాళ ఇంగ్లీషు మీడియం మన పిల్లలకు ఎందుకని అడిగే పెద్దమనుషులకు ఈ సంగతి చెప్పండి. మీరు కాపలా కాస్తున్న ఈ ఇంగ్లీషు కూడా ఒకప్పుడు బడి గడప బయట నిలబడ్డదే అని.

ఇక అసలు విషయం. జనం తగ్గేసరికి కూలీకి గిరాకీ పెరిగింది. బతికున్న కూలీలు ఎక్కువ కూలి అడిగారు. దొరలు ఊరుకుంటారా? 1351లో చట్టం చేసి, ప్లేగుకు ముందున్న కూలి కంటే ఒక్క పైసా ఎక్కువ అడగకూడదన్నారు. ముప్పై ఏళ్లు నలిగి, 1381లో రైతులు, కూలీలు తిరగబడ్డారు. తిరుగుబాటును రక్తంలో ముంచేశారు. కానీ భయం దొరల గుండెల్లో ఉండిపోయింది.

1391లో ఇంగ్లండ్ పార్లమెంటు సభ్యులు రాజుకు ఒక విన్నపం పెట్టారు. వెట్టివాళ్లు తమ పిల్లల్ని బడికి పంపకుండా నిషేధించమని. ఎందుకంటే చదువుకున్నవాడు పాదిరీ అయితే వెట్టి నుంచి బయటపడతాడు. రాజు ఆ విన్నపాన్ని ఒప్పుకోలేదు. 1406లో వచ్చిన చట్టం ఆడా మగా తేడా లేకుండా ఏ స్థితిలో ఉన్నవాళ్లయినా తమ కొడుకునో కూతురినో రాజ్యంలోని ఏ బడికైనా పంపుకోవచ్చని చెప్పింది. అదే చట్టం పేదవాళ్ల పిల్లలు పట్నాల్లో చేతిపని నేర్చుకోవడం మీద మాత్రం ఆంక్షలు పెట్టింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం అప్పుడూ ఉంది.

ప్లేగు ఎవరికీ బడి ఇవ్వలేదు. ప్లేగు వల్ల కూలోడి చేతికి కాస్త బలం వచ్చింది. ఆ బలంతో వాడు కొట్లాడాడు. ఆ కొట్లాట జరిగిన నేలలోనే బడి తలుపు తెరుచుకుంది.

గుండ్లకమ్మ ఒడ్డున

ఇక మన నేలకు వద్దాం. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని మహా కరువు పట్టింది. మన పెద్దోళ్లు ధాత కరువు అని చెప్పుకునేది ఇదే. ఆకలితో పాటు కలరా వచ్చింది. కరువు పనుల దగ్గర గుమిగూడిన జనాన్ని కలరా ఊడ్చుకుపోయింది.

ఒంగోలులో అప్పటికే అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఉంది. జాన్ క్లౌ 1866లో అక్కడికి వచ్చాడు. మొదట్లో ఆయన బడి మీద పట్టణంలోని పై కులాలవాళ్లు ఆసక్తి చూపారు. తాళ్ల కొండపాడు మాదిగ పెద్ద ఎర్రగుంట్ల పేరయ్య తన జనంతో మిషన్ గుమ్మం తొక్కేసరికి, వీళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు. క్లౌ పేరయ్య వైపు నిలబడ్డాడు. మనవాళ్లు కొందరు చరిత్ర చెప్పేటప్పుడు క్లౌ పేరే ముందు చెబుతారు. నేను పేరయ్య పేరే ముందు చెబుతాను. తోళ్ల వ్యాపారం చేస్తూ ఊరూరూ తిరిగిన ఆ మనిషి వెళ్లి తలుపు తట్టకపోతే, లోపలున్న దొరకు మన పల్లె ఎక్కడుందో తెలిసేది కాదు.

కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని పెట్టాడు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సడలాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఒక్క ఏడాదిలో ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. ఎక్కువమంది మాదిగలే.

చరిత్ర పుస్తకాలు దీన్ని మత మార్పిడి కథగా రాసి వదిలేస్తాయి. మా నాయనమ్మ మాత్రం దీన్ని బడి కథగా చెప్పేది. ప్రార్థన ఇల్లు, బడి ఒకే పాకలో ఉండేవని, పగలు పనికిపోయిన పిల్లలకు రాత్రి దీపం పెట్టి అక్షరాలు చెప్పేవాళ్లని వాళ్ల అత్త చెప్పగా విన్నదట. ఆ బడులు గొప్ప బడులేం కాదు. బైబిలు చదవడం, నాలుగు లెక్కలు, సంతకం. అంతే. కానీ సంతకం పెట్టగలిగినవాడి వేలిముద్ర కరణం దొంగిలించలేడు. కరువూ కలరా కలిసి ఊరి మీద ఆధారాన్ని తెంపేశాయి. జీతగాడికి గింజలు వేయాల్సిన ఆసామే చేతులెత్తేసినప్పుడు, ఆ ఆసామి మాట ఎందుకు వినాలన్న ప్రశ్న మొదటిసారి గట్టిగా పుట్టింది.

సావిత్రీబాయి వీపు మీద పిల్లాడు

1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. త్వరలోనే పూణేకు పాకింది. 1897లో బ్రిటిష్ ప్రభుత్వం అంటురోగాల చట్టం తెచ్చింది. సోదాల పేరుతో సైనికులు ఇళ్లలోకి జొరబడ్డారు. ఆ ఏడాది జూన్‌లో ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. మన స్కూలు పుస్తకాల్లో ప్లేగు అనగానే ఈ కథే వస్తుంది.

అదే పూణేలో, అదే ప్లేగులో, అంతకు మూడు నెలల ముందు ఇంకొకటి జరిగింది. 1848లో భర్త జోతిరావు ఫూలేతో కలిసి ఆడపిల్లలకు బడి తెరిచిన సావిత్రీబాయి అప్పటికి అరవై దాటిన మనిషి. జోతిరావు చనిపోయి ఆరేళ్లు దాటింది. ఆమె పెంపుడు కొడుకు యశ్వంత్ డాక్టరు. ఊరి బయట హడప్‌సర్ దగ్గర ప్లేగు రోగుల కోసం ఇద్దరూ కలిసి వైద్యశిబిరం పెట్టారు. ముంఢ్వా మహర్ వాడలో ఒక పిల్లాడికి ప్లేగు తగిలిందని తెలిసి, ఆమె స్వయంగా వెళ్లి వాడిని వీపున వేసుకుని శిబిరానికి మోసుకొచ్చింది. ఆ పిల్లాడి పేరు పాండురంగ్ బాబాజీ గాయక్వాడ్. పిల్లాడు బతికాడు. ఆమెకు ప్లేగు అంటింది. 1897 మార్చి 10న కన్నుమూసింది.

అంటరాని పిల్లాడిని, అంటురోగం ఉన్న పిల్లాడిని, రెండు కారణాల వల్ల ఎవరూ ముట్టుకోని పిల్లాడిని ఒక టీచరమ్మ మోసింది. టీచర్ల దినోత్సవం ఎప్పుడు జరపాలన్న చర్చ ఏటా వస్తుంది. నాకైతే జనవరి 3 ఎంత ముఖ్యమో మార్చి 10 అంత ముఖ్యం. మీ కాలేజీల్లో ఆమె జయంతి చేస్తున్నారు, సంతోషం. ఆమె ఎలా చనిపోయిందో కూడా ఆ రోజు చెప్పండి.

వెయ్యికి అరవై ఒకటి

1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. జూన్‌లో బొంబాయి రేవులో మొదలై, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దేశమంతా విరుచుకుపడింది. ఇండియాలో కోటికి పైగా జనం పోయారు. 1911 నుంచి 1921 మధ్య దేశ జనాభా పెరగకపోగా కాస్త తగ్గింది. అంతకు ముందో తర్వాతో చదువుకోవాల్సిన ఒక తరం మట్టిలో కలిసింది.

అందరూ సమానంగా పోయారా? బొంబాయి నగరం లెక్కలు కులాలవారీగా మతాలవారీగా ఉన్నాయి. యూరోపియన్లు వెయ్యికి 8.3 మంది చనిపోయారు. పార్సీలు 9. సవర్ణ హిందువులు 18.9. కింది కులాల హిందువులు 61.6. మళ్లీ చదవండి. ఒకే నగరం, ఒకే వైరస్. సవర్ణుల కంటే మూడు రెట్లకు పైగా మనవాళ్లు పోయారు. గాలి వెలుతురు లేని చాల్ గదులు, ఒంట్లో రక్తం లేకపోవడం, మందు ఇచ్చే చెయ్యి దూరంగా ఆగిపోవడం. ఇవే కారణాలు.

ఆ చావుల కెరటం ఇంకా పూర్తిగా తగ్గని 1918 నవంబరులో, అదే బొంబాయిలో, సిడెన్‌హాం కాలేజీలో ఒక యువ ప్రొఫెసర్ అర్థశాస్త్రం చెప్పడానికి చేరాడు. బాబాసాహెబ్ అంబేడ్కర్. స్టాఫ్ గదిలో తాము తాగే కుండలో నీళ్లు ఆయన తాగకూడదని తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం పెట్టారు. నగరంలో జ్వరం అంటుకుంటుందని అందరూ వణుకుతున్న రోజులవి. జ్వరం కంటే కులం అంటుకుంటుందన్న భయమే ఆ చదువుకున్నవాళ్లకు ఎక్కువ. 2020లో "సామాజిక దూరం" అన్న మాట ప్రతి గోడ మీదా చూసినప్పుడు మనలో చాలామందికి కడుపులో తిప్పింది ఊరికే కాదు.

హైదరాబాద్‌లో చూడండి. 1918లోనే ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంలో ఏర్పడింది. మన పిల్లలకు అది అందని చందమామ. కానీ అంతకు ముందే, 1910లో, భాగ్యరెడ్డి వర్మ ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో మన పిల్లల కోసం తెలుగు బడులు పెట్టాడు. అవి పెరిగి 26 అయ్యాయి. ఆయన సంఘం వాలంటీర్లు అంటురోగాల రోజుల్లో రోగుల దగ్గరికి వెళ్లి సేవ చేశారు. బడి పెట్టిన చెయ్యి, రోగిని పట్టుకున్న చెయ్యి ఒకటే. పూణేలోనూ అంతే, హైదరాబాద్‌లోనూ అంతే. ఈ రెండు పనులను మన ఉద్యమం ఎప్పుడూ విడదీయలేదు.

రేడియో బడి, టీవీ బడి, ఫోను బడి

ఇంట్లోంచి చదువు కూడా కొత్తది కాదు. 1937లో అమెరికాలోని షికాగోలో పోలియో వ్యాపించి సెప్టెంబరులో బడులు తెరవలేకపోయారు. మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా దాదాపు 3,15,000 మంది పిల్లలకు రేడియోలో పాఠాలు చెప్పారు. ఏ పాఠం ఎన్ని గంటలకో పేపర్లలో అచ్చేశారు. ప్రపంచం అబ్బురపడింది. రేడియో లేని ఇళ్ల పిల్లల సంగతేంటన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. అక్కడ బడులు కొన్ని వారాలకే తెరిచారు కాబట్టి ఆ ప్రశ్న మరుగున పడిపోయింది.

2014లో ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో ఎబోలా వచ్చి బడులు దాదాపు తొమ్మిది నెలలు మూతపడ్డాయి. అక్కడా రేడియో పాఠాలే. బడి లేని ఆ కాలంలో ఎందరో ఆడపిల్లలు గర్భవతులయ్యారు. 2015 ఏప్రిల్‌లో బడులు తెరిచినప్పుడు ప్రభుత్వం ఏం చేసిందో తెలుసా? గర్భం కనబడుతున్న ఆడపిల్లలు బడికి రాకూడదంది. దెబ్బ తిన్న పిల్లకే శిక్ష. ఆడవాళ్ల సంఘాలు ఐదేళ్లు పోరాడి, పశ్చిమ ఆఫ్రికా దేశాల కోర్టుకు వెళ్లి 2019 డిసెంబరులో గెలిచాయి. 2020 మార్చి ఆఖరులో నిషేధం ఎత్తేశారు. అప్పటికి కొవిడ్‌తో బడులు మళ్లీ మూతపడుతున్నాయి.

ఆ కొవిడ్ 190కి పైగా దేశాల్లో దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులను ఇళ్లకు పంపింది. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా టీవీ పాఠాలు మొదలయ్యాయి. 2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద కుటుంబాల పిల్లలు దాదాపు 1,400 మందిని కలిసి ఒక సర్వే చేశారు. పల్లెల్లో క్రమంగా ఆన్‌లైన్‌లో చదువుతున్నవాళ్లు నూటికి 8 మంది. అసలు చదవనివాళ్లు నూటికి 37 మంది. పల్లెల్లోని దళిత, ఆదివాసీ పిల్లల్లో ఆన్‌లైన్‌లో చదివేవాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. మిగతా కులాల పిల్లల్లో 15 మంది. మళ్లీ మూడు రెట్లు. 1918 బొంబాయి చావుల లెక్క, 2021 చదువుల లెక్క పక్కపక్కన పెట్టి చూడండి. నూరేళ్లలో మనం ఎంత కదిలామో అర్థమవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020, 2021ల్లో పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. 2022లో పరీక్ష పెట్టారు. ఆరు లక్షల పదిహేను వేల మంది రాస్తే రెండు లక్షల మందికి పైగా ఫెయిలయ్యారు. ఎనిమిదిలో బడి మూతపడి, తొమ్మిది సగం సగం చదివి, పదికి వచ్చిన బ్యాచ్ అది. పిల్లలు సోమరులైపోయారని టీవీల్లో పెద్దలు తిట్టారు. మా ప్రకాశం జిల్లా ఆ ఏడాది 78 శాతంతో రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. మా ఎదురింటి పిల్లాడు రాసి ఉండాల్సింది ఆ పరీక్షే. వాడు పాసైనవాళ్ల లెక్కలో లేడు, ఫెయిలైనవాళ్ల లెక్కలోనూ లేడు. పరీక్ష రాయనివాడు ఏ శాతంలోకీ రాడు.

మరి మనం ఏం చేయాలి?

మిత్రులారా, ఆరువందల ఏళ్ల చరిత్ర చూశాం. మహమ్మారి ప్రతిసారీ పాత కట్టుబాట్లను కదిలించింది. కదిలిన చోట ఎవరో ఒకరు సిద్ధంగా నిలబడి ఉంటేనే బడి తలుపు మన వైపు తెరుచుకుంది. పేరయ్య, సావిత్రీబాయి, భాగ్యరెడ్డి వర్మ మహమ్మారి వచ్చాక పుట్టినవాళ్లు కాదు. అంతకు చాలా ముందునుంచే పని చేస్తున్నారు. కాబట్టే ఆ రోజు వాళ్ల దగ్గరికి జనం వెళ్లగలిగారు.

2020లో కూడా అలాంటి పని జరిగింది. తెలంగాణ గురుకులాల పిల్లలు ఇళ్లకు వెళ్లి, తమ వాడల్లోనే చెట్ల కింద చిన్న పిల్లల్ని కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. వాళ్ల దగ్గర స్టూడియో లేదు, లింకు లేదు. పిల్లాడి ఇల్లు ఎక్కడుందో మాత్రం తెలుసు. నా దగ్గర లేనిది అదే. నేను వీడియో తీసే ముందు ఎదురింటికి ఒక్క ఫోన్ చేసి, మీ ఇంట్లో ఏ ఫోన్ ఉందని అడిగి ఉంటే సరిపోయేది. ఉద్యమంలో పదిహేనేళ్లు తిరిగిన నాకు ఆ ప్రశ్న తట్టలేదు. ఇది నేను దాచుకోవాల్సిన విషయం కాదు, మీరు మళ్లీ చేయకూడని తప్పు.

ఈ సెలవుల్లో మీ వాడకు వెళ్లండి. 2020 మార్చిలో బడిలో ఉన్న పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఎవరు తిరిగి బడికి వెళ్లారు, ఎవరు వెళ్లలేదు, వెళ్లనివాళ్లు ఇప్పుడు ఏం పని చేస్తున్నారు, పెళ్లయిపోయిన ఆడపిల్లలు ఎందరు అన్నది రాయండి. ప్రభుత్వం అడిగినప్పుడు చూపించడానికి మన చేతిలో ఆ కాగితం ఉండాలి. తర్వాత వాళ్లను ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి కట్టించండి. ఫీజు అడ్డమైతే వాడలో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లను అడగండి. సిగ్గుపడకండి.

మా పల్లెలో ఆ కాగితం నేను మొదలుపెట్టాను. ఇప్పటికి పద్నాలుగు పేర్లు వచ్చాయి. మా ఎదురింటి పిల్లాడిది మొదటి పేరు. "ఈ వయసులో పదా? అందరూ నవ్వుతారక్కా" అన్నాడు. నవ్వనీ అన్నాను. ఓపెన్ స్కూల్ అప్లికేషన్ వాళ్ల అమ్మ చేతిలో పెట్టి వచ్చాను. ఇంకా సంతకం పెట్టలేదు. పెట్టేదాకా నేను వదలను.

వచ్చే వారం హాస్టళ్ల చరిత్ర.

జై భీమ్. జై సావిత్రీబాయి.